బండి చక్రం మీద కొవ్వొత్తులు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని అడిగినప్పుడు, ఒకే గదిలో నాలుగేళ్లు కలిసి ఉన్నవాళ్లం కొందరం ఒకచోట కూర్చున్నాం. చదువు గురించి రాద్దామని ఒకరు, క్రమశిక్షణ గురించి రాద్దామని ఒకరు అన్నారు. అవి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ చివరికి మేమందరం ఒక కొవ్వొత్తి దగ్గర ఆగిపోయాం. ఆ కొవ్వొత్తిని ఆర్పింది మేమే. అందుకే ఈ నాలుగు మాటలు అందరి తరఫునా రాస్తున్నాం.

మేము పదో తరగతిలో ఉన్న సంవత్సరం అది. డిసెంబరు మొదటి ఆదివారం రాత్రి. భోజనాలయ్యాయి, కంచాలు కడుక్కుని గదికి వచ్చాం. ఏడో తరగతి తమ్ముడొకడు తన ట్రంకు పెట్టె మీద స్టీలు గ్లాసు బోర్లించి, దాని మీద చిన్న కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించాడు. అప్పుడు కరెంటు ఉంది. కరెంటు ఉండగా కొవ్వొత్తి ఎందుకురా అని అడిగాం. "ఇవాళ మొదటి ఆదివారం అన్నా. మా ఊరి చర్చిలో నాలుగు ఆదివారాలు నాలుగు వెలిగిస్తారు. ఇంట్లో మా నాయనమ్మ కూడా వెలిగిస్తుంది" అన్నాడు. "ఇదేమన్నా చర్చి అనుకున్నావా? గవర్నమెంటు హాస్టలు" అన్నాం. మాలో ఒకడు వంగి ఉఫ్ మని ఊదేశాడు. అందరం నవ్వాం.

వాడు ఏడవలేదు. వేడి తగ్గాక ఆ కొవ్వొత్తిని కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. పడుకునే ముందు మాత్రం మా దగ్గరకు వచ్చి, "అన్నా, ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. నా సర్టిఫికెట్టు పాడైపోద్దేమో" అన్నాడు. ఆ మాటకు కూడా అప్పుడు నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఆ నాలుగు కొవ్వొత్తులు ఏమిటి, ఎక్కడ పుట్టాయి అన్నది మేము చాలా ఏళ్ల తరువాత తెలుసుకున్నాం. తెలుసుకున్నాక మరీ సిగ్గుపడ్డాం. ఎందుకంటే ఆ ఆచారం రాజుల కోటలో పుట్టలేదు, పెద్ద పెద్ద చర్చిల్లో పుట్టలేదు. అది పుట్టింది మనలాంటి పేద పిల్లల హాస్టల్లో!

జర్మనీ దేశంలో హాంబర్గ్ అనే పెద్ద ఓడరేవు పట్టణం ఉంది. అక్కడ 1808లో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే ఆయన పుట్టారు. పదిహేనేళ్ల వయసులో తండ్రి పోతే, పిల్లలకు పాఠాలు చెప్పి కుటుంబాన్ని ఆదుకుంటూ చదువుకున్నారు. తరువాత ఆదివారం బడిలో పనిచేస్తూ, హాంబర్గ్ పేదల ఇళ్లకు వెళ్లి వాళ్ల బతుకులు కళ్లారా చూశారు. 1833లో, అంటే తన ఇరవై అయిదో ఏట, ఆ పట్టణం పక్కన హోర్న్ అనే చోట ఒక చిన్న పాత ఇంట్లో, దిక్కులేని పిల్లల కోసం ఆశ్రమం తెరిచారు. దాని పేరు రౌహెస్ హౌస్. మాటకు మాట చెప్పుకుంటే "గరుకు ఇల్లు" అని అర్థం. పిల్లలను పది పన్నెండు మంది చొప్పున ఒక కుటుంబంగా చేసి, ఒక్కొక్క కుటుంబానికి అన్నలాంటి పెద్దను ఒకరిని పెట్టడం అక్కడి పద్ధతి. ఆ సంస్థ నేటికీ పనిచేస్తోంది.

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఆ పిల్లలు "క్రిస్మస్ ఎప్పుడు? ఇంకా ఎన్ని రోజులు?" అని రోజూ ప్రాణం తీసేవారట. సంక్రాంతి సెలవులకు ఎన్ని రోజులుందో గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్న మనకు ఆ ప్రశ్న కొత్తదా? 1839లో విఖెర్న్ ఆ ప్రశ్నకు ఒక జవాబు తయారుచేశారు. ఒక పాత బండి చక్రం తీసుకుని, దాని చుట్టూ 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులు, 4 పెద్ద తెల్ల కొవ్వొత్తులు అమర్చారు. మామూలు రోజున ఒక చిన్నది, ఆదివారం నాడు ఒక పెద్దది వెలిగించాలి. ఎన్ని వెలగలేదో లెక్కపెట్టుకుంటే పండుగకు ఎన్ని రోజులుందో తెలిసిపోతుంది. క్యాలెండర్ అడగనక్కరలేదు, అన్నలను విసిగించనక్కరలేదు. చిన్నవాళ్లకు లెక్కలూ వస్తాయి.

లెక్క సరిపోయిందా లేదా అని మేము కూడా కాగితం మీద వేసి చూశాం. ఆ సంవత్సరం డిసెంబరు 1 సరిగ్గా ఆదివారం. అక్కడి నుంచి 24 వరకు ఇరవై నాలుగు రోజులు. అందులో 1, 8, 15, 22 ఆదివారాలు నాలుగు. మిగిలినవి ఇరవై. సరిపోయింది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగో ఆదివారంతో ఈ కాలం మొదలవుతుంది కాబట్టి ఆ మొదటి ఆదివారం నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్య ఎప్పుడైనా రావచ్చు. అంటే చిన్న కొవ్వొత్తులు ఒక ఏడాది 18, ఇంకో ఏడాది 24 దాకా కావాలి. లెక్కలంటే ఇష్టమున్న తమ్ముళ్లు ఈ ఏడాదికి ఎన్ని కావాలో వేసి చూడండి.

ఆ బండి చక్రం మాట చదివినప్పుడు మాకు ఉయ్యూరు రోడ్డు గుర్తొచ్చింది. మేము చదివే రోజుల్లో చలికాలం వచ్చిందంటే చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు బారులు తీరేవి. వెనక నుంచి గడ లాగి పరిగెత్తిన రోజులు మనలో ఎవరు మరిచిపోతారు? కర్ర చక్రాల బండ్లు పోయి టైరు బండ్లు, ట్రాక్టర్లు వచ్చాక, పాత చక్రాలు ఇళ్ల వెనక గోడలకు ఆనించి ఉండేవి. ఆకులు ఊడిపోయి, ఇనుప పట్టా తుప్పు పట్టి, ఎందుకూ పనికిరావనిపించేవి. అలాంటి చక్రమే ఒక పేద పిల్లల ఇంట్లో దీపాల చెట్టయింది. డబ్బు పెట్టి కొన్న వస్తువు కాదది. ఇంట్లో పడి ఉన్నదానితో చేసింది.

ఇక దీని వెనక ఉన్న కాలం సంగతి. ఇంగ్లీషులో దీన్ని అడ్వెంట్ అంటారు. లాటిన్ భాషలో "రాక" అని అర్థం. మన తెలుగు క్రైస్తవులు ఆగమన కాలం అంటారు. ఇది విఖెర్న్ కంటే ఎంతో పాతది. ఆరో శతాబ్దం నాటికే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో క్రిస్మస్‌కు ముందు ఉపవాసాలు ఉండేవారు. అంటే ఇది మొదట విందుల కాలం కాదు, తమను తాము సరిచూసుకునే కాలం. కాలం పాతదే కానీ కొవ్వొత్తుల చక్రం మాత్రం రెండు వందల ఏళ్లు కూడా నిండనిది. బైబిల్లో ఈ చక్రం ప్రస్తావనే లేదు. ఇది దేవుడు ఆజ్ఞాపించిన ఆచారమని ఎవరైనా చెప్పినా నమ్మనక్కరలేదు, ఇది విదేశీ మాయ అని చెప్పినా నమ్మనక్కరలేదు. ఇది పిల్లల కోసం ఒక మనిషి చేసిన ఏర్పాటు.

చక్రం చుట్టూ పచ్చని ఫర్ కొమ్మలు చుట్టడం 1860 ప్రాంతంలో మొదలైంది. ఇళ్లలో అంత పెద్ద చక్రం పట్టదు కాబట్టి రోజువారీ చిన్న కొవ్వొత్తులు పోయి ఆదివారాల నాలుగు మిగిలాయి. ప్రొటెస్టెంటుల నుంచి ఇది కతోలికుల దగ్గరకు చేరడానికి చాలాకాలం పట్టింది. 1925లో కొలోన్ పట్టణంలోని ఒక కతోలిక దేవాలయంలో, 1930లో మ్యూనిక్‌లో వేలాడదీశారు. తరువాత అమెరికాకు, అక్కడి నుంచి ప్రపంచమంతటికీ పాకింది.

అర్థాలు కూడా తరువాత వచ్చి చేరినవే. గుండ్రని చక్రం మొదలూ చివరా లేని దేవుని ప్రేమకు గుర్తు అన్నారు. చలికాలంలో కూడా రాలని ఆకులు నిత్యజీవానికి గుర్తు అన్నారు. నాలుగు కొవ్వొత్తులకు నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ అని పేర్లు పెట్టారు. ఈ వరుస అన్ని చోట్లా ఒకటి కాదు. కొందరు ప్రవక్తల దీపం, బెత్లెహేము దీపం, గొల్లల దీపం, దేవదూతల దీపం అంటారు. కతోలికులు మూడింటిని ఊదారంగులో, మూడో ఆదివారానికి ఒకదాన్ని గులాబీ రంగులో పెడతారు. ఊదా పశ్చాత్తాపానికి, గులాబీ పండుగ దగ్గర పడిందన్న సంతోషానికి. కొన్ని చోట్ల మధ్యలో తెల్లని అయిదో కొవ్వొత్తి పెట్టి క్రిస్మస్ నాడు వెలిగిస్తారు.

మన కృష్ణా డెల్టాకు క్రైస్తవం పలు దారుల్లో వచ్చింది. 1841లో చర్చి మిషనరీ సొసైటీ వారు మచిలీపట్నంలో పని మొదలుపెట్టారు. 1859లో రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య గారు బాప్తిస్మం తీసుకున్నాక మాలపల్లెల్లో అది విస్తరించింది. ఆ పరంపరే 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసి, విజయవాడ కేంద్రంగా కృష్ణా గోదావరి డయాసిస్ అయింది. గుణదల వైపు కతోలికులు ఉన్నారు. ఇంకా బాప్టిస్టులు, స్వతంత్ర సంఘాల వారు ఎందరో ఉన్నారు. సి.ఎస్.ఐ., కతోలిక దేవాలయాల్లో ఆగమన ఆదివారాలు పాటిస్తారు. మిగిలిన వాటిలో చాలావరకు పాటించరు. అందుకే ఒకే పేటలో ఒక చర్చిలో నాలుగు కొవ్వొత్తులు కనిపిస్తాయి, పక్క చర్చిలో ఆ మాటే వినబడదు. బదులుగా ఇంటి మీద నక్షత్రం కడతారు, సెమీ క్రిస్మస్ చేస్తారు. క్రైస్తవ తమ్ముళ్లు కోపం తెచ్చుకోకపోతే ఒక మాట అంటాం. సెమీ క్రిస్మస్‌లో కేకు, సౌండు బాక్సులు, ఫ్లెక్సీలు పెరిగిపోయాయి. పండుగ రాకముందే పండుగ చేసేసుకుంటున్నాం. ఆ చక్రం నేర్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక రోజుకు ఒక్క కొవ్వొత్తే. ఆగు, ఓపిక పట్టు, రేపు ఇంకొకటి అని.

ఓపిక మాట వచ్చింది కాబట్టి విఖెర్న్ గారితో మాకున్న పేచీ కూడా చెప్పాలి. ఆయన మంచి పని చేశారు, కాదనలేం. కానీ పేదరికానికి ముఖ్య కారణం జనంలో భక్తి సన్నగిల్లడమేనని ఆయన నమ్మారు. 1848లో జర్మనీలో విప్లవం వచ్చినప్పుడు ఆయన విప్లవం వైపు లేరు. పేదలకు దాతల దయ చాలన్నట్టుగా ఆ రోజుల్లో చాలామంది పెద్దలు ఆలోచించేవారు. మనం అలా ఆలోచించలేం. రౌహెస్ హౌస్ దాతల దయతో నడిచింది. మన హాస్టల్ రాజ్యాంగం మీద నడుస్తోంది. బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యను ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని 46వ అధికరణం చెబుతోంది. కాబట్టి ఇక్కడ మనం తినే ముద్ద ఎవరి భిక్షా కాదు. పండుగ కోసం ఓపిక పట్టవచ్చు. మెస్ చార్జీల కోసం, స్కాలర్‌షిప్ కోసం, పుస్తకాల కోసం ఓపిక పట్టమంటే మాత్రం ఎందుకు పట్టాలి అని మర్యాదగా, కాగితం మీద రాసి అడగాలి. ఎదురుచూడటం వేరు, నోరు మూసుకోవడం వేరు.

ఈ తేడా మనకు నేర్పింది ఎవరో చెప్పనక్కరలేదు. క్యాలెండర్ ఒకసారి చూడండి. ఆగమన కాలం మొదటి ఆదివారం ఆలస్యంగా వచ్చినా డిసెంబరు 3 దాటదు. అంటే డిసెంబరు 6 ఎప్పుడూ ఆ కాలంలోనే పడుతుంది. 1956లో ఆ రోజునే బాబాసాహెబ్ అంబేద్కర్ కన్నుమూశారు. ఆ సాయంత్రం మనందరం విగ్రహం దగ్గరకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం. మేము తమ్ముడి కొవ్వొత్తిని ఊదేసిన ఆదివారం తరువాత కొద్ది రోజులకే, అదే చేతులతో కొవ్వొత్తులు పట్టుకుని వరుసలో నడిచాం. వాడూ మా వెనకే నడిచాడు. ఆ కాగితంలో చుట్టి దాచుకున్న కొవ్వొత్తి ముక్కనే తెచ్చి, ముందున్నవాడి కొవ్వొత్తికి అంటించుకుని వెలిగించాడు. అప్పుడు ఎవరూ ఆర్పలేదు. ఆ కొవ్వొత్తి మారిందా? లేదు. మా కళ్లు మారాయంతే.

ఇక వాడి భయం సంగతి. "సర్టిఫికెట్టు పాడైపోద్దేమో" అన్న మాట ఒక పన్నెండేళ్ల పిల్లవాడి నోట వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్నవారికే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను బీసీ-సీలో పెట్టారు. ఇది న్యాయమా కాదా అన్నది ఏళ్ల తరబడి కోర్టుల్లో, కమిషన్ల ముందు నలుగుతూనే ఉంది. మాలో కూడా దీని మీద ఒక్క అభిప్రాయం లేదు. చట్టం ఉన్నంతకాలం పాటించాల్సిందే అనే వాళ్లున్నారు. మతం మారితే పేటలో అంటరానితనం మారిందా అని అడిగేవాళ్లున్నారు. కానీ ఒక్క విషయంలో మాత్రం మేమందరం ఒకటే. చట్టం చూసుకోవలసినవాళ్లు వేరే ఉన్నారు. నాయనమ్మ దగ్గర చూసింది చేసిన పిల్లవాణ్ణి పక్క మంచం మీద అన్నలు విచారణ చేయకూడదు. ఇంటికి దూరంగా వచ్చిన పిల్లవాడికి ఆ చిన్న వెలుగే ఇల్లు.

"మరి గవర్నమెంటు హాస్టల్లో మతం ఎందుకు?" అని అడిగితే, ఆ ప్రశ్న సబబే. హాస్టల్ తరఫున ఏ మతం పూజా జరగకూడదు. రానని చెప్పినవాణ్ణి ఏ ప్రార్థనకూ, ఏ భజనకూ లాక్కెళ్లకూడదు. ఇది అన్ని మతాలకూ ఒకే విధంగా వర్తించాలి. కానీ అదే రాజ్యాంగం ఎవరి విశ్వాసం వాళ్లు పాటించుకునే స్వేచ్ఛ కూడా ఇచ్చింది. కార్తీక మాసంలో అరటి దొప్పలో దీపం పెట్టి కాలవలో వదిలిన తమ్ముణ్ణి మేము ఎప్పుడూ ఆపలేదు. రంజాన్ నెలలో తెల్లవారుజామున లేచి అన్నం తినే తమ్ముడికి వంట మనిషి ముందురోజే విడిగా తీసి పెట్టేది. ఆ రెండూ మాకు మామూలుగా కనిపించాయి. ఇదొక్కటే "చర్చి" లాగా కనిపించింది. తప్పు ఎక్కడుందో మీరే ఆలోచించండి.

కొవ్వొత్తి అంటే మన హాస్టల్ పిల్లలకు అసలు అర్థం ఇంకొకటి ఉంది. పరీక్షల ముందు కరెంటు పోతే ఒక్క కొవ్వొత్తి చుట్టూ ఆరుగురం కూర్చుని చదివేవాళ్లం. ఎవరి కొవ్వొత్తి, ఎవరి కులం, ఎవరి దేవుడు అని ఏనాడైనా అడిగామా? వెలుతురు పుస్తకం మీద పడుతోందా లేదా అన్నదే చూశాం. మైనం కారి పుస్తకం మీద పడితే గోటితో గీకేసుకున్నాం. ఇప్పటికీ మా సైన్సు పుస్తకాల్లో ఆ మరకలున్నాయి.

అందుకే ఇప్పుడున్న తమ్ముళ్లకు మేము చెప్పేది మూడే మాటలు. ఒకటి, ఎవరినీ వెలిగించమని బలవంతపెట్టకండి. రెండు, ఎవరు వెలిగించిందీ ఆర్పకండి. మూడు, పరుపుల పక్కన, దోమతెరల కింద మాత్రం ఏ మతం కొవ్వొత్తీ వద్దు. అది నిప్పు, దానికి భక్తి తెలియదు. వరండాలో, గచ్చు మీద, నీళ్ల పళ్లెంలో నిలబెట్టి, ఒక పెద్దవాడు పక్కన ఉండగా వెలిగించుకోండి.

ఆ తమ్ముడు ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్నాడని విన్నాం. ఈ సంచిక వాడి చేతికి అందుతుందో లేదో. అందితే, తమ్ముడూ, ఆ రాత్రి ఊదేసింది ఒకడే అయినా నవ్వింది అందరం. మమ్మల్ని క్షమించు. నీ సర్టిఫికెట్టు సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. ఈసారి వార్షికోత్సవానికి రా. నీ పక్కన కూర్చుని భోజనం చేస్తాం. డిసెంబరులో వస్తే నాలుగు కొవ్వొత్తులు మేమే కొనుక్కొస్తాం, అగ్గిపెట్టె మాత్రం నీ చేతికిస్తాం.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థులం,
ఉయ్యూరు